సాగర్‌లో ఇద్దరు మగవాళ్ళకు ఒక గది, ఒక బల్ల

నాగార్జునసాగర్‌లో స్వలింగ ప్రేమికుల కోసమంటూ వెలసిన బారు లేదు, కేఫూ లేదు. థాయ్‌లాండ్‌లో పటాయా పక్కన జోమ్‌టియన్ కాంప్లెక్స్‌లో లాగా వరుసగా గే బార్లు, వాటి ముందు ఇంద్రధనుస్సు జెండాలు చూడాలనుకునేవాళ్ళు ఆ ఊరికే వెళ్ళాలి తప్ప హాలియా మీదుగా సాగర్ బస్సు ఎక్కి ప్రయోజనం లేదు. అయితే నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ, పాలమూరు ప్రాంతాల్లో ఉంటున్న మాలాంటి వాళ్ళందరికీ పటాయా టికెట్టు కొనే స్తోమత ఉండదు. ఉన్నవాళ్ళకు కూడా శనివారం మధ్యాహ్నం బయల్దేరి సోమవారం పొద్దున డ్యూటీకి అందుకోగలిగే చోటు ఒకటి కావాలి. నల్లగొండకు 60 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, కృష్ణ ఒడ్డున, చూడటానికి నీళ్ళూ తినడానికి చేపలూ పుష్కలంగా ఉన్న ఊరు సాగర్. నేనూ నా సహచరుడూ చాలాకాలంగా అక్కడికి వెళ్ళివస్తున్నాం. అక్కడి గదులు, చేపల బండ్లు, కేఫ్‌లు, బార్లు, దారిలోని కల్లు మండువలు ఇద్దరు మగవాళ్ళ జంటను ఎలా చూస్తాయో ఇక్కడ రాస్తున్నాను.

రుచి, శుభ్రత, ధర ఎలాగూ చూడవలసినవే. వాటికి మించి నేను చూసేది మరొకటి ఉంది. ఇద్దరు మగవాళ్ళు కలిసి గది తీసుకోవడం, ఒకే ప్లేటులో తినడం, భుజం మీద చేయి వేసుకుని నడవడం మన దగ్గర ఎవరికీ వింతగా తోచదు. ఒక అబ్బాయీ అమ్మాయీ అదే పని చేస్తే నలుగురూ తిరిగి చూస్తారు. అందువల్ల సాగర్‌లో మాకు దొరికే మర్యాదలో అధికభాగం మేమెవరమో తెలియనందువల్ల దొరికేదే. తెలియనంతవరకు ప్రతి హోటలూ మంచిదే, ప్రతి యజమానీ అన్నలాంటివాడే. తెలిసిన తర్వాత, కనీసం అనుమానం వచ్చిన తర్వాత, అదే సర్వర్ అదే ప్లేటును బల్ల మీద ఎలా పెడతాడన్నది నా దృష్టిలో అసలు పరీక్ష. ఆ పరీక్షకు నిలిచిన చోట్లు కొన్ని ఉన్నాయి, నిలవనివీ ఉన్నాయి, పరీక్ష దాకా వెళ్ళే అవసరమే రానివి ఎక్కువ.

చట్టం మాట రెండు ముక్కల్లో చెప్పుకుందాం. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు, వయోజనులు పరస్పర సమ్మతితో ఉంటే, స్వలింగ సంపర్కాన్ని నేరంగా చూసిన 377వ సెక్షన్ వర్తించదని తీర్పు చెప్పింది. 2023 అక్టోబర్ 17న స్వలింగ వివాహాలకు చట్టబద్ధత ఇవ్వడానికి నిరాకరించింది. కాబట్టి లాడ్జి కౌంటర్ ముందు నిలబడ్డ మేము నేరస్థులం కాము, దంపతులమూ కాము. దుకాణాలు, భోజనశాలలు, హోటళ్ళలోకి ప్రవేశం విషయంలో మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా ఎవరినీ అడ్డుకోకూడదని రాజ్యాంగంలోని 15(2) అధికరణం అంటున్నది. లైంగిక ధోరణి ఆధారంగా చూపే వివక్ష కూడా లింగ వివక్ష కిందికే వస్తుందన్న అభిప్రాయం 2018 నాటి తీర్పులో ఉంది. అయినా అధికరణాలు వల్లించి గది తాళం సంపాదించిన మనిషిని నేనింకా చూడలేదు. ఆ తీర్పు వచ్చిన ఎనిమిది రోజులకు, అదే నెల 14న, ఇదే జిల్లాలోని మిర్యాలగూడలో కులాంతర వివాహం చేసుకున్న యువకుణ్ణి ఆసుపత్రి బయట, గర్భవతిగా ఉన్న భార్య కళ్ళ ముందే నరికి చంపారు. ఆ కేసులో నల్లగొండ కోర్టు 2025 మార్చి 10న ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం విధించింది. జంటగా కనిపించినందుకు ఎంత మూల్యం చెల్లించవలసి వస్తుందో ఈ జిల్లాలో అందరికీ తెలుసు. మేము హోటళ్ళలో మా సంబంధం గురించి పెదవి విప్పకపోవడానికి సిగ్గు ఒక్కటే కారణమనుకోవద్దని ఈ ప్రస్తావన తెచ్చాను.

ఇక గదుల సంగతి. హిల్ కాలనీలో జలాశయం ఒడ్డున రాష్ట్ర పర్యాటక సంస్థ వారి విజయ్ విహార్ ఉంది. ముందుగా ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి, ఇద్దరి ఆధార్ కార్డులూ చూపిస్తే తాళం చేతికి వస్తుంది. ఒకరికొకరం ఏమవుతామన్న ప్రశ్న మాకక్కడ ఎదురుకాలేదు. రశీదు సరిగా ఉందా లేదా అన్నంతవరకే వారి ఆసక్తి, మాకు కావలసిందీ అంతే. నీళ్ళవైపు తెరుచుకునే గది దొరికితే సాయంత్రం బయటికి వెళ్ళాలనిపించదు. జంటగా మొదటిసారి సాగర్‌కు వచ్చేవాళ్ళకు నేను ముందు దీన్నే సూచిస్తాను. ఇక్కడ ఎవరో ప్రత్యేకంగా ఆదరిస్తారని అలా అనడం లేదు. మనిషి మారినా పద్ధతి మారని చోటు కనుక, ఇవాళ దొరికిన మర్యాద రేపూ దొరుకుతుందన్న భరోసా ఉంటుంది.

ప్రైవేటు లాడ్జీల్లో పద్ధతి కంటే మనిషి ముఖ్యం. కౌంటర్‌లో ఉన్నది యజమానా, జీతానికి పనిచేసే కుర్రవాడా, ఆ రోజు ఊళ్ళో రద్దీ ఎంత ఉందన్నవాటిని బట్టి జవాబు మారిపోతుంది. మామూలు రోజుల్లో ఇద్దరు మగవాళ్ళు వస్తే సంతోషంగా గది ఇస్తారు. అబ్బాయీ అమ్మాయీ వస్తే ఇద్దరి ఇంటిపేర్లూ, ఇద్దరి ఊళ్ళూ కలుస్తున్నాయా అని ఆధార్ కార్డులు తిరగేసి చూసే మనిషే, మా కార్డుల జిరాక్సులు చూడకుండానే ఫైలులో పడేస్తాడు. వర్షాకాలంలో, శ్రీశైలం నుంచి వరద వచ్చి సాగర్ గేట్లు ఎత్తినప్పుడు, ఇదంతా తలకిందులవుతుంది. 26 గేట్ల నుంచి నీళ్ళు దూకడం చూడటానికి హైదరాబాద్ నుంచి కార్లు బారులు తీరిన ఆ రోజుల్లో లాడ్జీలు "బ్యాచిలర్లకు ఇయ్యం, ఫ్యామిలీలకే" అంటాయి. తాగి గొడవపడే గుంపులను దూరంగా ఉంచడం వాళ్ళ ఉద్దేశం. దాన్ని నేను తప్పు పట్టను, ఆ గుంపుల పక్క గదిలో పడుకునే కర్మ నాకూ వద్దు. కానీ పదేళ్ళుగా ఒకే ఇంట్లో ఒకే గ్యాసు బండ మీద వండుకుని తింటున్న ఇద్దరం ఆ కౌంటర్ ముందు బ్యాచిలర్ల కిందే జమ అవుతాం, ఫ్యామిలీ అని చెప్పుకునే దారి లేదు. గేట్లు ఎత్తిన వారంలో గది ముందే బుక్ చేసుకోకుండా బయల్దేరకండి.

మంచం మాట కూడా చెప్పాలి. చాలా లాడ్జీల్లో డబుల్ రూమ్ అంటే ఒకే పెద్ద మంచం. ఇద్దరు మగవాళ్ళను చూడగానే రూమ్ బాయ్ మర్యాదకొద్దీ కింద వేసుకోవడానికి ఇంకో పరుపు తేవాలా అని అడుగుతాడు. వద్దంటే రెండోసారి అడుగుతాడు. మేము బస చేసిన ఒక లాడ్జిలో మాత్రం ఆ అడగడం అక్కడితో ఆగలేదు. వద్దన్నాక కుర్రవాడు కిందికి వెళ్ళి ఏదో చెప్పడం, మెట్ల దగ్గర నవ్వులు వినిపించడం, ఆ తర్వాత నీళ్ళ బాటిల్ అనీ, తువ్వాలు అనీ, టీవీ పని చేస్తోందా అనీ ఒక్కొక్కరే వచ్చి తలుపు తట్టడం మొదలైంది. ఎవరూ ఒక్క మాట అనలేదు కనుక ఫిర్యాదు చేయడానికి కూడా ఏమీ లేదు. ఆ లాడ్జిలో గది శుభ్రంగా ఉంది, గీజర్ పనిచేసింది, అద్దె కూడా న్యాయమే, అయినా నేను మళ్ళీ ఆ మెట్లు ఎక్కను. దానికి దగ్గరలోనే, రంగు వెలిసిన గోడలూ కుయ్యిమనే ఫ్యానూ ఉన్న పాత లాడ్జి ఒకటుంది. దాన్ని నడిపే పెద్దాయన మమ్మల్ని పోయిన ఏడాది నుంచి గుర్తుపెట్టుకుని, "ఆ మూల రూమే ఇయ్యమంటరా, గాలి మంచిగొస్తది" అంటాడు. ఆయనకు మా సంగతి అర్థమైందనే నా నమ్మకం. సాగర్‌లోని ప్రైవేటు గదుల్లో ఆయన మూల గదికే నా మొదటి ఓటు.

సాగర్ తిండిలో అసలు రుచి చేపల బండ్ల దగ్గర ఉంది. రోడ్డు పక్కన టార్పాలిన్ పందిరి, ముందు బల్ల మీద మసాలా పట్టించి వరుసగా పేర్చిన బొచ్చె, రవ్వ, కొర్రమీను ముక్కలు, వెనుక కట్టెల పొయ్యి మీద మూకుడు. చేపను చూపించి, తూకం వేయించుకుని, ధర ముందే మాట్లాడుకోవాలి. ముల్లు తక్కువని కొర్రమీనుకు ధర ఎక్కువ చెప్తారు. తినడానికి ఓపిక ఉన్నవాళ్ళు రవ్వ తీసుకుంటే డబ్బూ మిగులుతుంది, రుచీ తగ్గదు. నూనె రంగు చూసి బండిని ఎంచుకోండి. నల్లబడిన నూనెలో ఎంత తాజా చేప వేసినా ఒకటే. పొద్దున పదకొండు ప్రాంతంలో పోసిన నూనె తేటగా ఉంటుంది, ఆదివారం సాయంత్రానికి దాని అవతారం మారిపోతుంది. వేపుడు మీద ఉల్లిపాయ ముక్కలు, నిమ్మరసం వేసి ఇస్తారు. కారం మన నల్లగొండ కారమే, హైదరాబాద్ నాలుకలు ముందే తగ్గించమని చెప్పుకోవడం మేలు.

ఈ బండ్లను నడిపేది ఎక్కువగా ఆడవాళ్ళు. వాళ్ళకు మొహమాటం లేదు. ముక్క తిరగేస్తూనే ఊరు అడుగుతారు, పేరు అడుగుతారు, అన్నదమ్ములా అని అడుగుతారు. కాదంటే బావాబామ్మర్దులా అంటారు. మనుషుల మధ్య ఏదో ఒక వరస ఉండి తీరాలన్నది వాళ్ళ లెక్క. చాలాచోట్ల మేము దోస్తులమని చెప్పి ఊరుకుంటాం. మేము ఎప్పుడూ ఆగే బండి ఆమెకు మాత్రం ఒకరోజు నా సహచరుడు, "అన్నదమ్ములం కాదక్కా, ఇద్దరం ఒక్కకాడనే ఉంటం, పెండ్లిళ్ళు చేసుకోలే, చేసుకోం గూడ" అని నిదానంగా చెప్పేశాడు. ఆమె మూకుడులో నుంచి ముక్క తీసి, నూనె వడగట్టి, ప్లేటులో పెట్టి, "కలిసి ఉండుడే గగనమైతుంది ఈ కాలంల. కారం సరిపోయిందా సూడుండ్రి" అన్నది. ఆమెకు ఎంత అర్థమైందో నేను ఖాయంగా చెప్పలేను. కానీ ఆ తర్వాత అన్నదమ్ముల ప్రశ్న మళ్ళీ రాలేదు, మేమిద్దరం వెళ్తే ఒకే పెద్ద ప్లేటులో వడ్డించడం మొదలుపెట్టింది, నేను ఒక్కణ్ణే వెళ్ళిన రోజున "ఆ తమ్మి రాలేదా, జొరమా ఏంది" అని ఆరా తీసింది. తెలిసిన తర్వాత ప్లేటు బల్ల మీద ఎలా పడుతుందన్న పరీక్షలో ఈ సమీక్షలోని చోట్లన్నిటిలో ఈ బండికే మొదటి స్థానం. అన్ని బండ్లూ ఇలాగే ఉంటాయని అనుకోవద్దు. పక్కనే మరో బండి దగ్గర, కాస్త ఆడతనం కనిపించే మా స్నేహితుడొకరిని చూసి, అక్కడ తింటున్న కుర్రాళ్ళు చప్పట్లు కొడితే బండి యజమాని కూడా వాళ్ళతో కలిసి నవ్వాడు. డబ్బు కట్టేసి, సగం చేప వదిలేసి వచ్చాం.

కేఫ్‌ల మీద నాకు ఎక్కువ ఆశలు ఉండేవి. నల్లగొండ పట్టణంలోనూ, సాగర్ దారిలోనూ కొన్నేళ్ళుగా కొత్తరకం కేఫ్‌లు వెలిశాయి. గోడ మీద ఇంగ్లీషు సూక్తులు, వేలాడే చిన్న చిన్న బల్బులు, ఫోటోల కోసం కట్టిన పూల గోడ, కోల్డ్ కాఫీ, పెరిపెరి ఫ్రైస్, మోమోలు. నడిపేవాళ్ళు పాతికేళ్ళ కుర్రాళ్ళు, హైదరాబాద్‌లో చదివి వచ్చినవాళ్ళు. బంజారాహిల్స్‌లో లామకాన్ అనే సాంస్కృతిక వేదిక వంటి చోట్ల క్వీర్ (స్వలింగ ప్రేమికుల, ట్రాన్స్ వ్యక్తుల) సమావేశాలు జరుగుతాయని, నగరంలో ఏటా ప్రైడ్ నడక ఉంటుందని చూసో వినో తెలిసినవాళ్ళు ఇక్కడ తప్పకుండా ఉంటారని నేను భావించాను. ఉన్నారు కూడా. అయితే మేము అనుభవించినంతలో, మా ప్రాంతంలో మమ్మల్ని గుర్తుపట్టగలిగిన మొదటి తరం వీళ్ళే కావడం వల్ల, మమ్మల్ని తేరిపార చూసేదీ వీళ్ళే అయింది. మండువలో పెద్దవాళ్ళకు కనిపించనిది, రోజంతా రీళ్ళు చూసే ఈ పిల్లలకు ఇట్టే కనిపిస్తుంది. ఒక కేఫ్‌లో మా బల్ల వైపు ఫోన్ కెమెరా తిరగడం గమనించి లేచి వచ్చేశాం. కెమెరా పట్టుకున్నవాడు కస్టమర్ కాదు, కౌంటర్‌లోని కుర్రవాడే కావడం నాకు మింగుడుపడలేదు.

దీనికి మినహాయింపుగా నిలిచిన కేఫ్ ఒకటి నల్లగొండ పట్టణంలోనే ఉంది, పేరు రాస్తే ఆ పిల్లలకు లేనిపోని తలనొప్పి వస్తుందేమోనని రాయడం లేదు. అక్కడ కాఫీ నీళ్ళగా ఉంటుంది, శాండ్‌విచ్ మామూలే, ఏసీ ఒక మూలకే పనిచేస్తుంది. అయినా అక్కడ పనిచేసే అమ్మాయి, మేము ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నా, ఎదురెదురుగా కూర్చున్నా ఒకే ముఖంతో ఆర్డర్ రాసుకుంటుంది. గంటలకొద్దీ కూర్చున్నా లేవమని సైగ చేయరు. ఫోన్ యాప్‌లో పరిచయమైన మనిషిని మొదటిసారి కలుసుకోవాలంటే ఇలాంటి వెలుతురున్న, నలుగురు తిరిగే చోటే కలుసుకోమని కుర్రాళ్ళకు చెప్తాను. యాప్‌లలో తీయగా మాట్లాడి, ఊరవతలికి పిలిచి, ఫోటోలు తీసి డబ్బు గుంజే ముఠాలు పెద్ద నగరాల్లోనే ఉంటాయనుకుంటే పొరపాటు. అటువంటి బెదిరింపు వస్తే డబ్బు ఇవ్వకుండా పోలీసుల దగ్గరికి వెళ్ళవచ్చు, 2018 తర్వాత ఫిర్యాదు చేసిన మనిషి మీద తిరిగి కేసు పెట్టడానికి ఆ పాత 377వ సెక్షన్ పనికిరాదు.

బార్ల విషయానికి వస్తే, మన దగ్గర వైన్స్ దుకాణం వెనుక ఉండే పర్మిట్ రూమ్ వేరు, బార్ అండ్ రెస్టారెంట్ వేరు. పర్మిట్ రూమ్‌లో నిలబడి తాగి పోవడమే, ప్లాస్టిక్ గ్లాసు, నీళ్ళ ప్యాకెట్, మిక్చర్ పొట్లం. దాన్ని సమీక్షించడం అనవసరం. బార్‌లో అయితే కింద మామూలు హాలు, పైన ఏసీ హాలు, ఒక పక్క చెక్క పలకలతో విడగొట్టి తెరలు వేసిన ఫ్యామిలీ క్యాబిన్లు ఉంటాయి. బోటి వేపుడు, పల్లీల మసాలా, చికెన్ పకోడీ వంటి మంచింగ్ సాగర్, హాలియా పరిసరాల్లోని బార్లలో బాగానే చేస్తారు, బోటి మాత్రం రాత్రి తొమ్మిది దాటితే మిగలదు. ఇద్దరు మగవాళ్ళు ఎదురెదురుగా కూర్చుని మూడు గంటలు మాట్లాడుకోవడం ఇంత సహజంగా కనిపించే చోటు మరొకటి ఉండదు కనుక, పైకి చూస్తే మన జిల్లాలోని ప్రతి బారూ మాకు అనువైనదే. కన్నీళ్ళు పెట్టుకున్నా, చేయి పట్టుకున్నా, ఒకరి భుజం మీద ఒకరు వాలినా మందు మీదికి తోసేసి అందరూ క్షమిస్తారు. కొత్తగా ప్రేమలో పడ్డ ఇద్దరు కుర్రాళ్ళకు ఇంతకు మించిన చాటు దొరకదు.

ఆ చాటుకు ఒక హద్దు ఉంది. బారు మగవాళ్ళది, మగవాళ్ళలాగే మసలుకునేవాళ్ళది. నడకలోనో మాటలోనో కాస్త భిన్నంగా కనిపించే మనిషి లోపలికి వచ్చేసరికి పక్క బల్లల నుంచి ఈలలు మొదలవుతాయి. ట్రాన్స్ మహిళలు అడుక్కోవడానికి తప్ప తినడానికి వస్తారని చాలామంది మేనేజర్లకు తోచనే తోచదు. గుమ్మం దగ్గరే పదో ఇరవయ్యో చేతిలో పెట్టి పంపించేస్తారు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం 2019లోనే వచ్చింది, ప్రజలందరికీ అందుబాటులో ఉండే సేవలు, వసతుల విషయంలో వాళ్ళ పట్ల వివక్ష చూపకూడదని అందులో స్పష్టంగా ఉంది. నిజాం కాలం నుంచి వస్తున్న, వారంటు లేకుండా హిజ్రాలను అరెస్టు చేయడానికి వీలిచ్చిన పాత చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023లో కొట్టివేసింది. ఈ మార్పులేవీ బారు గుమ్మం దాటి లోపలికి రాలేదు. అందుకే ఒక బారు మాలాంటి వాళ్ళకు మంచిదా కాదా అని తేల్చుకోవడానికి, నన్ను ఎలా చూశారన్నది నేను లెక్కలోకి తీసుకోను. మీసం ఉన్న మగవాణ్ణి ఎవరైనా బాగానే చూస్తారు. గుమ్మంలోకి ట్రాన్స్ మహిళ వచ్చినప్పుడు మేనేజర్ ఏం చేస్తాడో చూస్తాను.

ఆ లెక్కన సాగర్ దారిలో నాకు నచ్చిన బారు ఒక్కటే. పైన ఏసీ హాలులో ఇద్దరు ట్రాన్స్ మహిళలు కూర్చుని బిర్యానీ తింటుండగా, పక్క బల్ల మీద నుంచి ఎవడో కూత కూశాడు. యజమాని తానే లేచి వచ్చి, ఆ కూసినవాడి బిల్లు తెచ్చి ముందు పెట్టి, "అన్నా, నీదైపోయింది, లెవ్వు" అన్నాడు. ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. కూతలు పెడితే కూర్చున్నవాళ్ళు లేచిపోతారు, వాళ్ళు లేచిపోతే తన బేరం పోతుందన్న వ్యాపార బుద్ధి కూడా అందులో ఉండవచ్చు, ఉంటే మరీ మంచిది. దయ కంటే బేరం ఎక్కువకాలం నిలుస్తుందని నా అభిప్రాయం. అక్కడ చికెన్ పకోడీ బాగుంటుంది, బీరు చల్లగా ఇస్తారు, మరుగుదొడ్డి మాత్రం భరించలేం. ఆ విషయం యజమానికే చెప్పాను, చేయిస్తానన్నాడు, చేయించలేదు.

బార్ల కంటే మా ఇద్దరికీ ఇష్టమైనవి కల్లు మండువలు. ఎండాకాలం పొద్దున్నే పెద్దవూర వైపు వెళ్తే రోడ్డుకు కాస్త లోపలగా తాటిచెట్ల కింద నలుగురైదుగురు కూర్చుని ఉంటారు. చెట్టు దిగిన కుండలోంచి నేరుగా వంచి పోస్తారు, తాటాకు రేకులో పట్టుకుని తాగడమే. పక్కన ఉడకబెట్టిన గుడాలో, కాల్చిన ఎండుచేపో ఉంటుంది. పొద్దుటి కల్లు తీయగా ఉంటుంది, ఎండెక్కేకొద్దీ పులుస్తుంది. పదింటిలోపు వెళ్ళడం ఉత్తమం. సీసాల్లో నింపి దుకాణాల్లో అమ్మే దాని జోలికి పోకండి. కల్లులో అల్ప్రాజోలం వంటి మత్తు మందులు కలిపి అమ్మిన కేసులు పాలమూరు వైపు చాలానే వచ్చాయి, చెట్టు కింద కళ్ళ ముందు దింపినదైతే ఆ భయం తక్కువ. మండువలో రైతులు, హమాలీలు, రిటైరైన టీచర్లు ఒకే నేల మీద కూర్చుంటారు. బల్లలు లేవు, క్యాబిన్లు లేవు, ఎవరు ఎవరితో వచ్చారన్నది ఎవరికీ పట్టదు, ఎవరి రేకు ఖాళీ అయిందన్నదే పడుతుంది. పెళ్ళి ప్రశ్న మాత్రం ఇక్కడా తప్పదు. "ఇంకా చేసుకోలేదా" అని అడిగిన ముసలాయనకు లేదని జవాబిస్తే, తన పెళ్ళి వల్ల తనకు వచ్చిన కష్టాలన్నీ ఏకరువు పెట్టి, మేము తెలివైనవాళ్ళమని మెచ్చుకున్నాడు. మేమెవరమో తెలిస్తే అదే మాట అనేవాడో లేదో నేను చెప్పలేను. ఆ పరీక్ష ఇక్కడ మేము పెట్టలేదు. అందుకే మండువకు చేపల బండి తర్వాతి స్థానం ఇస్తున్నాను.

చూడవలసిన చోట్ల గురించి క్లుప్తంగా. బుద్ధవనం 2022 మే నెలలో తెరిచారు, 274 ఎకరాల్లో విశాలంగా ఉంది, సాయంత్రం మహాస్తూపం చుట్టూ నడుస్తూ ఎంతసేపు మాట్లాడుకున్నా అడ్డం వచ్చేవాళ్ళు లేరు. నాగార్జునకొండకు లాంచీలో వెళ్ళాలనుకునేవాళ్ళు శుక్రవారం మ్యూజియంకు సెలవని గుర్తుంచుకోవాలి. ఆ ద్వీపం, ఎత్తిపోతల జలపాతం ఆంధ్ర వైపు పడతాయి. అటు వెళ్ళేటప్పుడు ఇక్కడ కొన్న మందు సీసాలు బండిలో పెట్టుకుని వెళ్ళకండి, ఎక్సైజ్ తనిఖీలో దొరికితే మీ ఆధార్ కార్డులతో పాటు మీ ఇద్దరి సంగతీ అనవసరంగా చర్చకు వస్తుంది.

పైన రాసినదంతా ఇద్దరు మగవాళ్ళ అనుభవం. మాకు తెలిసిన ఇద్దరు ఆడవాళ్ళు, దేవరకొండ వైపు ఉద్యోగాలు చేస్తూ కలిసి ఉంటున్నవాళ్ళు, ఈ రాతలో సగానికి పైగా తమకు పనికిరాదన్నారు. ప్రైవేటు లాడ్జీలో వాళ్ళను అడిగే మొదటి ప్రశ్న "వెంట మగవాళ్ళెవరూ లేరా" అన్నదే. మండువ వాళ్ళకు కుదరదు, బారు సరేసరి. విజయ్ విహార్‌లో గది తీసుకుని, చేపల బండి దగ్గర పార్సిల్ కట్టించుకుని, గదిలోనే తినడం వాళ్ళ పద్ధతి. భోజన హోటళ్ళలో ఫ్యామిలీ సెక్షన్ తెర మాత్రం తమకు బాగా కలిసివచ్చిందని చెప్పారు. ఇద్దరు ఆడవాళ్ళు కనబడగానే సర్వర్ తానే తీసుకుపోయి ఆ క్యాబిన్‌లో కూర్చోబెట్టి, తెర లాగి, "పిలిస్తే వస్త మేడం" అని వెళ్ళిపోతాడట. మా ఇద్దరికీ ఆ క్యాబిన్ ఇంతవరకూ ఎవరూ ఇవ్వలేదు.